ఆనపకాయ నూడుల్స్‌కి మిషను ఎందుకండీ

పిన్నిగారూ, ఆ ఆనపకాయ పులుసులోకేనా? సగం ఉంచండి, ఒక సంగతి చెప్పాలి. బాబాయిగారికి షుగరని నూడుల్స్, సేమ్యా అన్నీ మాన్పించేశారు కదా, నోరు చచ్చిపోతోందంటున్నారని మొన్న మీరే అన్నారు. ఈ కాయతోనే నూడుల్స్ చేసి పెట్టండి. అవునండీ, కాయతోనే!

దానికేదో తిప్పే మిషనుంటుంది గానీ, అందుకోసం మన కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రి వెళ్ళక్కర్లేదు. అమెరికాలో మన పిల్లలు జుకినీ అనే కాయతో చేసుకుంటారు. అదీ గుమ్మడి కుటుంబమేనండి, మన ఆనప, బీర, దోస అన్నీ దాని చుట్టాలే. మనకి లంకల్లోంచి వచ్చే కాయ ఉండగా జుకినీ దేనికి చెప్పండి?

కాయ మాత్రం లేతది కావాలి. గోరు గుచ్చితే ఇట్టే దిగిపోవాలి. కొయ్యగానే చిన్న ముక్క నాలిక్కి తగిలించండి. చేదొస్తే మొహమాటపడకండి, కాయంతా పారెయ్యండి. చేదు ఆనపకాయ ప్రాణం మీదకి తెస్తుంది, ఉడికించినా ఆ విషం పోదు.

తొక్క తీశాక జానెడేసి ముక్కలు చేసి, పీలరుతో పైనుంచి కిందకి పొడుగ్గా లాగండి. పలచగా రిబ్బన్లు వస్తాయి. గింజలు కనబడగానే కాయ తిప్పి పక్కవైపు లాగాలి. మధ్యలో దూదిలా ఉండే గుజ్జు తెగిపోతుంది, దాని జోలికెళ్ళకండి. నాలుగైదు రిబ్బన్లు ఒకదాని మీదొకటి పేర్చి, చాకుతో నిలువునా సన్నగా కోసేస్తే అవే నూడుల్స్. కోరాంతో మాత్రం వద్దు, ముద్దయిపోతుంది.

అసలు కిటుకంతా నీళ్ళదేనండీ. ఆనపకాయలో నూటికి 90 పాళ్ళకి పైగా నీళ్ళే. అలాగే మూకుట్లో వేస్తే కూరవుతుంది, నూడుల్స్ కావు. అందుకే అర చెంచా ఉప్పు జల్లి పావుగంట చిల్లుల గిన్నెలో వదిలెయ్యండి. ఉప్పే నీళ్ళు లాగేస్తుంది. తర్వాత చేత్తో మెల్లిగా పిండి, పలచటి గుడ్డ మీద ఆరబెట్టండి. పిండిన నీళ్ళు పప్పులో పోసుకోవచ్చు, కాకపోతే అందులో ఉప్పు చూసుకుని వేసుకోండి.

ఇంక పొయ్యి దగ్గర రెండు నిమిషాల పనే. మంట పెద్దది పెట్టి, నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, నలగ్గొట్టిన వెల్లుల్లి, కరివేపాకు చిటపటలాడాక నూడుల్స్ వేసి అట్లకాడతో ఎగరెయ్యండి. మూత పెట్టారో, ఆవిరంతా నీళ్ళై మళ్ళీ అందులోనే పడుతుంది. దించే ముందు వేయించిన నువ్వులపొడి జల్లితే మిగిలిన చెమ్మ కూడా పీల్చేస్తుంది, రుచికి రుచీను. నిమ్మకాయ పిండి వెంటనే తినెయ్యాలి, నిలవుంటే మళ్ళీ నీరు దిగుతుంది. కిలో కాయకి ఇద్దరికొస్తాయండి, పిండాక అంత తగ్గిపోతాయి.

క్యారెట్టుకీ, పచ్చి బొప్పాయికీ ఇంత హైరానా లేదు, మరో రెండు నిమిషాలు వేగితే చాలు. బీరకాయ మాత్రం కరిగిపోతుంది, వద్దు.

పిల్లలకైతే బొంత అరటికాయ ఇంకా బావుంటుంది. మనూళ్ళో అరటి పరిశోధన స్థానం ఉంది కదా, కొవ్వూరు బొంత అని మన ఊరి పేరుతోనే రకం ఉందండి! సన్నగా తరిగి, నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వేసి, ఆవిరి మీద నాలుగైదు నిమిషాలుంచి పోపు పెట్టండి. బాబాయిగారికి మాత్రం పెట్టకండి, పచ్చి అరటికాయంటే పిండిపదార్థమే కదా, నూడుల్స్ మాన్పించి మళ్ళీ అదే పెట్టినట్టుంటుంది.

అన్నట్టు, ఆ ఆనపకాయ తొక్కలు ఆవుకి వేసేస్తారేమో, ఉంచండి. నాలుగు పచ్చిమిరపకాయలూ, కాస్త చింతపండూ వేసి పచ్చడి చేస్తే ఆ పూటకి ఇంకేం అక్కర్లేదు.