ఎర్ర మందు రోజులు

2024 సెప్టెంబర్ 19, గురువారం

రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానల డాక్టరమ్మ ఇయ్యాల కాగితం మీద గీసి మరీ చెప్పింది. ముందు ఎర్ర మందు, మూడు వారాలకోసారి, నాలుగు డోసులు. తర్వాత ఇంకో మందు, వారం వారం పన్నెండు. మా ఆమె రొమ్ముల గడ్డ చిన్నగయినంక ఆపరేషన్. ఆ పైన కరెంటు పెట్టుడు, అంటే రేడియేషన్. అంతా కలిసి ఎనిమిది తొమ్మిది నెలలు పడ్తదట. మా ఆమె అంతా విని ఒక్కటే అడిగింది: "మరి పత్తి ఏరుడెట్ల?"

మందుల ఖర్చు ఆరోగ్యశ్రీ మీద పోతది. ఆ పథకం 2007 ఏప్రిల్‌ల మొదలైన మూడు జిల్లాలల్ల మా పాత మహబూబ్‌నగర్ ఒకటి. పోయిన డిసెంబర్‌ల పది లక్షల దాకా పెంచిండ్రు. అది లేకుంటే ఉన్న మూడెకరాలు అమ్ముకునేటోళ్లం. కానీ బర్రెలు, చేను, పిల్ల బడి, వంట, హైదరాబాద్ రాకపోకలు ఏ కార్డు మీదా పోవు.

సెప్టెంబర్ 22, ఆదివారం

ఊరంతా వచ్చి చూసి పోతున్నరు. "ఏం కావాలన్నా చెప్పు" అంటరు. మనసుల ఉన్నదే అంటరు. కానీ ఎవరిని అడగాలె, ఏం అడగాలె, ఎన్నిసార్లు అడగాలె అనే లెక్క నా నెత్తి మీదనే ఉంటది.

పొద్దుమూకినంక హైస్కూల్ దోస్తులు వచ్చిండ్రు. కిరాణం నడిపేటోడు ఈ నోట్‌బుక్కే గుంజుకొని వెనుక పేజీల రాసుడు మొదలువెట్టిండు. బర్రెలు పిండి పాలు పోసుడు పక్క చేనాయన పని. మోటరు, చేను ట్రాక్టర్ దోస్తుకు. రాత్రి ఏ యాళ్లకైనా బండి కావాలంటే కిరాయి కారు నడిపేటోడు. పిల్లకు సాయంత్రం లెక్కలు చెప్పేది కిరాణపాయన బిడ్డ. పని పక్కన పేరు, పేరు పక్కన ఫోన్ నంబర్. "పైసల ముచ్చట తర్వాత బావా, ముందు పనులు పంచుకుందాం" అన్నడు.

రోగం వచ్చిన ఇంటికి కావాల్సింది ఏందో తెలిసినోడు అట్లనే మాట్లాడ్తడు. వాళ్లు పోయినంక మా ఆమె ఆ పేజీని రెండుసార్లు చదివిచ్చుకున్నది.

అక్టోబర్ 10, గురువారం, సద్దుల బతుకమ్మ

మొదటి డోసు అయి రెండు వారాలు దాటంగనే దువ్వెన పెడ్తే కుచ్చులు కుచ్చులు ఊడుడు షురువైంది. నిన్న పక్కింటి వదిన వచ్చి కత్తెరతోని మొత్తం తీసేసింది. కుట్టుమిషను ఆమెదే. పాత నూలు చీర చింపి టోపీ కుట్టుకొచ్చింది. కుట్లు పైకి కనపడ్తున్నయ్, తిరగేసి కుట్టిందేమో అనుకున్న. "లోపలికుంటే బోడినెత్తికి గుచ్చుకుంటయి అన్నా" అన్నది. ఆ టోపీని చేతుల వట్టుకొని చాన సేపు చూసిన. ఎవలూ చెప్పకుంటనే అంత దాకా ఆలోచించింది ఆమె.

జనంల తిరగొద్దన్నరు, ఒంట్ల బలం తగ్గి ఉంటదని. ఏటా వాడ బతుకమ్మలన్నీ గుడి కాడికి పోయేటియి. ఈసారి మా ఆమె సోపతులు పొద్దుమూకక ముందే తంగేడు, గునుగు, బంతి పేర్చుకొని మా వాకిట్లకే వచ్చిండ్రు. ఆమె అరుగు మీద కుర్చీల కూసున్నది. వాళ్లు దూరం దూరం నిలవడి ఆడిండ్రు. అయినంక గుడి కాడికి పోయిండ్రు. నువ్వుల సద్ది తెచ్చిండ్రు గానీ నోట్ల పుండ్లకు తినలేకపోయింది. పెరుగన్నం రెండు ముద్దలు పోయింది. చాలు.

అక్టోబర్ 25, శుక్రవారం

నిన్న రాత్రి పన్నెండుకు జరం. థర్మామీటర్ల నూటొకటి. మందు ఎక్కిచ్చిన వారం పది రోజులకు తెల్లకణాలు బాగ పడిపోతయట, అప్పుడు జరమొస్తే గోలి వేసుకొని తెల్లారే దాకా ఆగొద్దు, నూటికి మీద నాలుగు పాయింట్లు దాటితే వెంటనే రావాలె అని ముందే చెప్పి ఉన్నరు. కారు దోస్తుకు ఫోన్ చేసిన. రెండో రింగుకే ఎత్తిండు. ఎందుకని అడగలే, "వాకిట్లకు రాండ్రి" అన్నడు.

కల్వకుర్తి, ఆమనగల్లు, కడ్తాల్ దాటేదాకా ముగ్గురం మాట్లాడలే. దవాఖానల రక్తం తీసి, సూదులు మొదలువెట్టినంకనే ఆయన బయటికొచ్చి చాయ్ తాగిండు. ఇయ్యాల మధ్యాహ్నానికి జరం దిగింది. ఇంట్ల పిల్ల బడికి పోయింది, బర్రెలు పిండిండ్రు, అన్నీ ఫోన్లనే తెలిసినయ్.

నవంబర్ 4, సోమవారం

మూడో డోసు ఇయ్యలే. కణాలు ఇంకా తక్కువున్నయ్, వారం ఆగి రమ్మన్నరు. బస్సుల ఆమెకు జీరో టికెట్, నాకు పైసలు. కిటికీ పక్కన కూసొని ఆమనగల్లు దాకా ఏడ్చింది. మందు ఎక్కితే బాధ, ఎక్కకుంటే భయం. నేను ఏం చెప్పలే, బ్యాగుల టోపీ తీసి ఇచ్చిన.

నవంబర్ 17, ఆదివారం

పత్తి ముట్టింది. ట్రాక్టర్ దోస్తు కూలీలను మాట్లాడిండు. ఇయ్యాల ఆదివారమని దోస్తులందరు ఇంటోళ్లతోని చేన్లకే వచ్చిండ్రు. ఏరిన పత్తిని ట్రాక్టర్ దోస్తు అట్లనే సంచులల్ల తొక్కనియ్యలే, డాబా మీద పలుచగ ఆరవోయించిండు. తేమ ఎనిమిది శాతం లోపుంటేనే సర్కారు పత్తి సంస్థ సీసీఐ నిండు మద్దతు ధర ఇస్తది, ఈ యేడు క్వింటాలుకు 7,521. పన్నెండు దాటితే కొననే కొనరు, దళారి చెప్పిందే ధర అయితది. అందుకే ఆ జాగ్రత్త. అమ్మినంక తక్‌పట్టీ తెచ్చి ఇస్తడట, పైసలు బ్యాంకు ఖాతల పడ్తయి.

ఇంకో ముచ్చట. మా దగ్గరి చుట్టమొకామె పోయిన వారం వచ్చి, మా ఇంట్ల గ్లాసుతోని నీళ్లు తాగలే. అంటుకుంటదని భయం. క్యాన్సర్ అంటురోగం కాదు, ఆ మాట డాక్టర్లు చెప్తనే ఉంటరు. మా ఆమె అప్పుడు ఏమనలే, రాత్రి అన్నం ముట్టలే. ఇయ్యాల చేన్ల కిరాణపాయన భార్య మా ఆమె సద్దిగిన్నెలకెల్లే తిన్నది. దాన్ని గురించి ఒక్క మాట మాట్లాడలే, ఇద్దరూ పిల్లల సంగతి చెప్పుకుంట తిన్నరు.

2025 జనవరి 20, సోమవారం

ఇప్పుడు వారం వారం మందు. వాంతులు తగ్గినయ్ గానీ వేళ్ల కొసలు తిమ్మిరి, రవికె గుండీ పెట్టుకోలేకపోతున్నది. నేనే పెడ్తున్న.

వార్డు బయట కూసున్నోళ్లల్ల ఒకాయన ఎన్టీ రామారావు సంగతి తీసిండు. మా పక్కన కల్వకుర్తిల 1989ల పోటీ చేసి ఓడిపోయిండు, అది మా దిక్కు ఎవలూ మర్చిపోరు. ఆయన భార్య బసవతారకం 1985ల క్యాన్సర్‌తోనే పోయింది. ఆమె పేరు మీద బంజారాహిల్స్‌ల దవాఖాన కట్టాలని తలపెట్టిండు, అది తెరిచింది 2000ల, ఆయన పోయిన నాలుగేండ్లకు. ముఖ్యమంత్రి అయినా ఆ రోగం ముందర భర్తనే గదా. మేం కూసున్న ఈ ఎంఎన్‌జే అంతకన్న పాతది, 1955ది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీదున్నది. బీదోళ్లకు ఇదే దిక్కు.

ఏప్రిల్ 9, బుధవారం

ఆపరేషన్ అయింది. రక్తం కావాలన్నరు, ట్రాక్టర్ దోస్తు, కారు దోస్తు ఇచ్చిండ్రు. ఆమె లేచి మొదలు అడిగింది నీళ్లు. రెండోది, వాళ్లు ఏమన్నా తిన్నరా అని.

మే 28, బుధవారం

కరెంటుకు సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పోవాలె. ఊరికెల్లి అయ్యే పని కాదు. ఎల్బీనగర్‌ల ఉండే చిన్ననాటి దోస్తు తన రెండు గదుల ఇంట్ల ఒకటి మాకిచ్చిండు. వాళ్లు నలుగురు ఒక గదిల పండుకుంటున్నరు. ఎర్ర లైను మెట్రో ఎక్కితే నేరుగ లకడీకాపూల్‌ల దిగుతం. ఒంటి మీద ఇంకుతోని గీతలు గీసిండ్రు, అవి చెరగొద్దు. వాళ్ల పెద్దామె రోజూ గీతలు తడవకుంట స్నానం చేయిస్తది. ఈ అప్పు పైసలల్ల తీరేది కాదు, తీర్చాలని చూస్తే వాళ్లు బాధపడ్తరు.

జూన్ 14, శనివారం

ఇంటికొచ్చినం. ఇగ రోజుకొక మాత్ర, ఐదేండ్లు. నెత్తి మీద వెంట్రుకలు వేలు మందం వచ్చినయ్.

గడ్డ తగిలినప్పుడు నొప్పి లేదు, అందుకే మా ఆమె నెలలకొద్ది ఊరుకున్నది. ఆశా వర్కరమ్మ ఇంటికొచ్చి గుచ్చిగుచ్చి అడిగితేనే బయటవడ్డది. ఇప్పుడు వాడల కనవడ్డ ఆడోళ్లందరికీ ఆమె అదే చెప్తున్నది, సిగ్గు లేకుండ. సోమవారం ఉపకేంద్రంల ఏఎన్‌ఎమ్మమ్మ చూస్తదట, పక్కింటి వదినను తనే తోలుకపోతనన్నది. ముప్పై ఏండ్లు దాటిన ప్రతి ఆడమనిషి పోయి చూపిచ్చుకోవాలె. నొప్పి లేదని ఆగొద్దు.