మెస్కాల్ మేష్టారు

మెక్సికో దేశపు ప్రాచీన భాషలలో నాహువాత్ల్ అనేది ఒకటి. అందులో 'మెత్ల్' అంటే మన కిత్తనార మొక్క. 'ఇష్కల్లి' అంటే వండినది. రెండూ కలిసి 'మెష్కల్లి' అయి, స్పానిష్ వాళ్ల నోట పడి 'మెస్కాల్' అయింది. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనుక ముందు వ్యుత్పత్తి చెప్పి, తరువాత అసలు సంగతికి వస్తున్నాను. అసలు సంగతి సారా.

కంగారు పడకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడిన నాటికి నేను బడిపిల్లవాణ్ణి. ఆ మాట ఇంట్లో ఎత్తితే మా బామ్మ చెవులు మూసుకునేది. అటువంటి ఇంట్లో పెరిగినవాడికి నలభై దాటాక తాగుడు మీద మమకారం పుట్టి రాస్తున్న వ్యాసం కాదిది.

2023 మే నెలలో, కాలేజీ సెలవులలో, నేనూ మా ఆవిడా హ్యూస్టన్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లాం. "ఇంతదూరం వచ్చి మెక్సికో చూడకుండా వెళతావా అన్నయ్యా?" అని వాడు మమ్మల్ని వహాకా రాష్ట్రానికి లాక్కుపోయాడు. అక్కడ కారు దిగగానే మా ఆవిడ అన్న మొదటి మాట, "ఇవి మన రైలుకట్ట మొక్కలు కాదుటండీ?" అని.

ఆ జాతివే. పొడుగాటి కత్తుల్లాంటి మట్టలు, అంచున ముళ్లు. పుట్టిల్లు మెక్సికోయే; మన దగ్గరికి వచ్చి కంచెగానూ, తాళ్లు పేనడానికి నారగానూ స్థిరపడ్డాయి. మనం మట్ట చూశాం, వాళ్లు మొదలు చూశారు. మట్టలన్నీ నరికేస్తే లోపల పెద్ద అనాసపండులాంటి బోదె మిగులుతుంది. దాన్ని అక్కడ అనాస అనే పిలుస్తారు. తీపంతా అందులో ఉంటుంది.

అయితే ఆ తీపికి ఓపిక కావాలి. ఈ మొక్క అరటిలాగా జన్మకు ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. అరటికి ఏడాది చాలు. ఎస్పదీన్ అనే రకానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. కొండల్లో పెరిగే చిట్టి తోబలాకు పది, పదిహేను. తెపెస్తాతే అనే మొండిఘటం పాతికేళ్లయినా తొందరపడదు. పువ్వుకాడ తలెత్తగానే నరికేస్తారు, తీపి పువ్వుకు పోకుండా బోదెలో నిలవాలని.

వహాకా పట్టణానికి గంట ప్రయాణంలో శాంతా కతరీనా మీనాస్ అనే ఊరుంది. అక్కడ ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాం. డెబ్బై ఏళ్ల మనిషి. మెస్కాల్ కాచేవాణ్ణి అక్కడ 'మాయెస్త్రో' అంటారు. ఆ మాటకూ, ఇంగ్లీషు మాస్టరుకూ, అందులోంచి మనం చేసుకున్న మేష్టారుకూ మూలం ఒకటే, లాటిన్. తమ్ముడు నన్ను పరిచయం చేసి ఈ బంధుత్వం వివరిస్తే ఆయన పడీపడీ నవ్వి, నాకు కుర్చీ వేయించాడు.

నేలలో గరాటులాంటి గొయ్యి. అడుగున కట్టెలు మండించి, రాళ్లు ఎర్రగా కాలాక, వాటి మీద తడి పిప్పి పరిచి, బోదెలు పేర్చి, చాపలు కప్పి, మట్టి పోస్తారు. నాలుగైదు రోజులు అలా మగ్గాలి. మనం తేగలు తంపట వేయడం లేదూ, సరిగ్గా అదే. అప్పుడే తీసిన ముక్క ఒకటి నాకిచ్చాడు. చెరకులా నమిలి పిప్పి ఉమ్మెయ్యాలి. కాల్చిన చిలగడదుంప, ముదురు బెల్లం, వెనకాల కాస్త పొగ. మా ఆవిడ రెండోది అడిగి పుచ్చుకుంది.

శాంతియాగో మతత్లాన్ ఊళ్లో ఈ ముక్కల్ని గుర్రం తిప్పే రాతిచక్రం కింద నలపడం చూశాం. పాతకాలపు సున్నం గానుగే అది. ఈ పెద్దాయన ఇంట అదీ లేదు. కొయ్యతొట్టిలో వేసి ఇద్దరు మనుషులు రోకలిపోటు వేయవలసిందే. ఆ ముద్దని నీళ్లతో చెక్క గాబుల్లో వదిలేస్తారు. తోడు ఏమీ వేయరు. గాలిలో ఉన్నదే వచ్చి పులియబెడుతుంది. చలికాలం ఆలస్యం, ఎండల్లో తొందర. ఏ ఇంటి ఆవకాయ రుచి ఆ ఇంటిదే అయినట్టు, ఏ ఇంటి మెస్కాల్ ఆ ఇంటిదే కావడానికి ఇదొక కారణం.

తరువాత బట్టీ. మట్టికుండ మీద మట్టికుండ, పైన చన్నీళ్ల పళ్లెం. ఆవిరి పళ్లెం అడుగున తగిలి చుక్కలై, లోపల పెట్టిన గరిటెలో పడి, వెదురులాంటి గొట్టం గుండా బయటికి వస్తుంది. మన ఆదిలాబాదు అడవుల్లో గోండులు ఇప్పపువ్వుతో కాచే పద్ధతికి దీనికీ దగ్గరి పోలిక. రెండుసార్లు కాచాక ఘాటు చూడటానికి యంత్రమేమీ లేదు. గొట్టంతో పీల్చి, ఎత్తునుంచి బుర్రలోకి వదులుతాడు. పైన బుడగలు లేస్తాయి. వాటిని 'ముత్యాలు' అంటారు. అవి ఎంతసేపు నిలిచాయో చూసి చెప్పేస్తాడు. అరిసెల పాకం రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసే మా అమ్మ గుర్తొచ్చింది.

మా ఆవిడ చూస్తుండగానే నాలుక తడుపుకున్నాను. ఎస్పదీన్‌లో కాల్చిన తీపి, పొగ. తోబలాలో ఏదో పండు వాసన. తెపెస్తాతే మాత్రం పచ్చిమిరపకాయ తుంచినట్టు, పచ్చగా, చురుక్కుమంది. అన్నింటి అడుగునా తొలకరికి తడిసిన మట్టి. అది కుండ ఇచ్చిన రుచి. నంజుకోవడానికి నారింజ తొనల మీద ఎర్రటి పొడి చల్లి ఇచ్చారు. చూపులకు మన కారప్పొడే. కిత్తనారను తొలిచే పురుగుల్ని ఎండబెట్టి, ఉప్పూ మిరపకాయలతో నూరిందని తమ్ముడు ముందే చెప్పడంతో మా ఆవిడ వట్టి నారింజతో సరిపెట్టుకుంది.

చిత్రమేమిటంటే, ఆ పెద్దాయన అమ్మే సీసా మీద మెస్కాల్ అన్న మాట లేదు. 'కిత్తనార సారా' అని ఉంది. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినట్టు, మెస్కాల్ అనే పేరుకు 1994లో అక్కడి ప్రభుత్వం చట్టరక్షణ ఇచ్చింది. మంచిదే, నకిలీలు తగ్గుతాయి. కాని ఆ పేరు వాడాలంటే పరీక్షలు, ధ్రువపత్రాలు, వాటి ఖర్చులు. ఏడాదికి నాలుగైదు బట్టీలు దించేవాడికి అది తలకు మించిన భారం. ధ్రువపత్రం పొందిన సరుకు 2011లో 10 లక్షల లీటర్లలోపు. 2022 నాటికి కోటీ 40 లక్షలు దాటింది. పెద్ద కంపెనీలు ఆ పేరుతో లోకమంతా అమ్ముకుంటున్నాయి. తాతముత్తాతల నుంచి నోట ఉన్న మాటను కాగితం లేనిదే సీసా మీద రాయరాదనడం నాకు మింగుడుపడలేదు. మెస్కాల్ గొంతు దిగింది గాని, ఇది దిగలేదు.

పెద్దాయనకు ఆ బాధ అంతగా లేదు. ఆయన బెంగ మొక్కల మీద. గిరాకీ పెరిగి, కొండల్లో తోబలాని, తెపెస్తాతేని చిన్నవాటితో సహా పీక్కుపోతున్నారు. ఎస్పదీన్‌కు పిలకలు నాటుకోవచ్చు. తోబలాకు పిలకలు రావు, విత్తనమే దిక్కు. విత్తనం కావాలంటే కొన్నింటిని పూయనివ్వాలి. రాత్రిపూట గబ్బిలాలు వచ్చి ఆ పూల తేనె తాగి, పుప్పొడి మోసుకుపోతాయి. పూయనిచ్చిన మొక్క బట్టీకి పనికిరాదు. పన్నెండేళ్ల రాబడి గబ్బిలాల పాలు!

అయినా ఆయన ఏటా కొన్నింటిని వదిలేస్తున్నాడు. పెరట్లో ఆ విత్తనాల నారు చూపించాడు, ఒక్కొక్కటి నా బొటనవేలంత. అవి బట్టీకి వచ్చేసరికి ఎవరు కాస్తారని తమ్ముడు అడిగితే, పదహారేళ్ల మనవణ్ణి చూపించాడు. ఆ కుర్రవాడు లాస్ ఏంజెలస్‌లో ఉన్న మేనమామ దగ్గరికి వెళ్లిపోవాలని చూస్తున్నాడట. నారుకు నీళ్లు మాత్రం రోజూ వాడే పోస్తున్నాడట.