ఈ పొద్దు బడిలో ఏం జరిగింది?

మా హోసూరు ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. గడప దాటి లోపలికి వస్తే తెలుగే మాట్లాడాలి. ఇది తాత పెట్టింది కాదు, తాతకు వాళ్ల నాయన పెట్టింది. వీధిలో తమిళం, అంగట్లో తమిళమో కన్నడమో, పనిచేసే చోట మూడూ కలిపి. ఇంట్లో మాత్రం తెలుగు. మీ ఇళ్లలోనూ ఇట్లాంటిదేదో ఉండే ఉంటుంది. లేకుంటే ఇన్ని తరాలు తెలుగు నిలిచేది కాదు.

మా చిన్నది ఒకటో తరగతి. సాయంత్రం ఆటో దిగి, ఇంకా బూట్లు విప్పకముందే మేము అడిగేది ఒకటే.

“ఈ పొద్దు బడిలో ఏం జరిగింది?”

“ఏమీ లే.”

“మిస్ ఏం చెప్పింది?”

“మర్చిపోయినా.”

“ఎవరితో ఆడినావు?”

“అందరితో.”

పిల్లలందరూ ఇంతేలే అనుకున్నాము. ఒకరోజు మాత్రం తనంతట తానే మొదలుపెట్టింది. అన్నం ముందర కూర్చుని, “మిస్‌తో ఆ పిల్ల పొయ్ చెప్పింది” అన్నది. తమిళంలో పొయ్ అంటే అబద్ధమని మా ఇంట్లో తెలియనివాళ్లు లేరు. అయినా తాత ఊరుకోలేదు. “పొయ్యి చెప్పిందా? గ్యాస్ పొయ్యా, కట్టెల పొయ్యా?” అన్నాడు. అందరమూ నవ్వినాము. “తెలుగులో చెప్పు తల్లీ, వింటాము” అని మేమూ ఒక మాట కలిపినాము. పాప కంచంలోకి చూస్తూ తినేసి లేచిపోయింది. ఏం చెప్పబోయిందో మేము మళ్లీ అడగలేదు.

పది రోజుల తర్వాత తెలిసింది, అదీ ఆటో నడిపే అన్న నోట. తరగతిలో ఎవరిదో రంగు పెన్సిళ్ల డబ్బా పోయింది. మా పాపే తీసిందని పక్క పిల్ల చెప్పింది. మిస్ ఆ మాట నమ్మి పాపను వెనక వరుసలో విడిగా కూర్చోబెట్టింది. ఆటో అన్నకు ఇవన్నీ రోజువారీగా తెలుసు. దారి పొడుగునా తమిళంలో అన్నీ చెప్పుకుంటూ వచ్చేదట. “మీకు చెప్పలేదా?” అని ఆయన ఆశ్చర్యపోతే మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మరుసటి రోజు బడికి పోయినాము. డబ్బా అప్పటికే ఆ పిల్లవాడి ఇంట్లోనే దొరికిందట, పాపను మళ్లీ ముందు వరుసకు పిలవడమే మరిచిపోయినారు. పది నిమిషాల్లో అయిపోయిన పని. దానికోసం మా బిడ్డ పది రోజులు వెనక కూర్చున్నది.

ఆ రాత్రి మేము ఒక లెక్క వేసుకున్నాము. పాపకు ఏయే సంగతులకు తెలుగు మాటలు ఉన్నాయి? అన్నం, నీళ్లు, స్నానం, నిద్ర, దేవుడు, చుట్టాలు, పండగలు. వీటన్నింటికీ బాగానే ఉన్నాయి. మరి తోయడం, గిల్లడం, వరుస తప్పడం, నింద వేయడం, ‘నేను కాదు’ అని మిస్ ముందర నిలబడి చెప్పడం? ఇవేవీ మా ఇంట్లో జరగవు. జరిగేదంతా బడిలో, తమిళంలో, కొంచెం ఇంగ్లీషులో. మేము అడిగింది బడి సంగతి కాదు, దాని అనువాదం. ఆరేళ్ల పిల్లను, అలిసిపోయి ఇంటికొచ్చిన వేళకు.

తాతకు ఈ ఇబ్బంది రాలేదు. ఆయన చదివింది తెలుగు బడి. తగవులూ తెలుగులోనే పడినాడు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి అయింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అని తాతతో వాదించే ఓపిక మాకు లేదు. పాప తమిళం చక్కగా రాస్తుంది, దానికి మాకు సంతోషమే.

దారి చూపింది అవ్వ. ఆమెకు ఈ లెక్కలేవీ తెలియవు. అది అనపకాయల కాలం. పితికిన పప్పు కోసం నానబెట్టిన గింజల గిన్నె ముందర పెట్టుకుని కూర్చునేది. పాప కూడా కూర్చునేది. గింజను వేళ్ల మధ్య నొక్కితే తొక్క ఊడి పప్పు ఎగిరి పడుతుంది, అదొక ఆట. అవ్వ ప్రశ్నలు అడగదు. ముఖం చూసి మాట్లాడదు. తన పుట్టింటి సంగతులు చెప్పుకుంటూ పోతుంది. కుప్పం పక్క పల్లె బడిలో చదివేటప్పుడు అక్క పలక పగలగొట్టి, “ఆవు తొక్కింది అని అబద్ధం చెప్పినా” అన్నది ఒకరోజు.

“అబద్ధమంటే పొయ్ కదా అవ్వా?”

“ఆ, అదే.”

అంతే. మళ్లీ పప్పు పితకడంలో పడిపోయినారు.

ఇంకోరోజు పాప “అవ తళ్ళివిట్టా అవ్వా” అన్నది. అవ్వ తప్పు దిద్దలేదు, వినబడనట్టూ ఉండలేదు. “తోసేసిందా? యాడ పడినావు?” అన్నది. “మెట్ల కాడ. మళ్లీ తోసింది” అన్నది పాప. తోయడమనే మాట అట్లా ఇంట్లోకి వచ్చింది. పాఠం చెప్పినట్టు కాదు, జవాబు చెప్పినట్టు. మేము చాటుగా విని నేర్చుకున్నది ఇదే. ఇప్పుడు ఆటో దిగగానే అడగడం మానుకున్నాము. తిని, కాసేపు ఆడినాక, చేతిలో ఏదో పని ఉన్నప్పుడు మేమే మా రోజు గురించి ఏదో ఒకటి చెప్తాము. బస్సు తప్పిపోయిన సంగతో, ఆఫీసులో తిట్లు తిన్న సంగతో. తిట్లు తిన్న రోజుల్లో పాప ఎక్కువ మాట్లాడుతుంది.

తాత మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన భయం తేలికగా తీసేసేది కాదు. కోయంబత్తూరులో మా చుట్టాల పిల్లలు తెలుగు అర్థం చేసుకుంటారు, జవాబు తమిళంలో ఇస్తారు. “ఒకసారి గడప తెరిస్తే అంతే” అంటాడు. మా దగ్గర దానికి గట్టి జవాబు లేదు. మాట పోయినా ఫర్వాలేదని మేము అనడం లేదు. సంగతి చెప్పనివ్వండి, మాట తర్వాత చూద్దాము అంటున్నాము. ఈ విషయం మీద ఇంట్లో ఇంకా గొడవ పడుతూనే ఉన్నాము.

పాప ఇప్పుడు మామూలుగా ‘అబద్ధం’ అనే అంటుంది. బాగా కోపమొస్తే మాత్రం పొయ్ అంటుంది. తాత వింటాడు. పొయ్యి గురించి ఇప్పుడేమీ అనడు.