డిక్కీలో తిరిగొచ్చే సంచి

మా ఇంటి ముందు వేపచెట్టు కొమ్మకు కొక్కెం కాటా ఒకటి వేలాడుతుంటుంది. పత్తి తూకానికి మా నాయన కొన్నాడు. ఇప్పుడు దానికి పత్తి బోరేలకంటే సూట్‌కేసులే ఎక్కువ తగిలిస్తున్నాను.

తర్లుపాడులో కారు నడపడం నా పని. పెళ్లిళ్లు, ఒంగోలు ఆసుపత్రులు, తిరుపతి మొక్కులు ఎప్పుడూ ఉండేవే. పన్నెండేళ్లుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టు కిరాయి కూడా తోడైంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల దగ్గర నాలుగు నెలలు ఉండొద్దామని బయల్దేరే అమ్మానాన్నలు కొందరు, దుబాయి, సింగపూర్ చూసొద్దామని వారం రోజులకు పోయేవాళ్లు కొందరు. పగటి ప్రయాణమైతే దోర్నాల మీదుగా నల్లమలలో పడతాం. రాత్రి తొమ్మిదికి మూసిన అడవి గేట్లు తెల్లారి ఆరుకు గానీ తియ్యరు కాబట్టి, రాత్రి బండి అయితే యర్రగొండపాలెం, మాచర్ల, నాగార్జునసాగర్ దారే.

పెట్టె ఎలా సర్దాలో నాకు నేర్పింది డిక్కీలో తిరిగొచ్చిన సంచులే. మొదటి సంచి ఎండుకొబ్బరిది. మనవడికి కొబ్బరి లడ్లు చేసి పెడదామని ఒక పెద్దమ్మ నాలుగు కిలోల కురిడీలు పెట్టుకుంది. కౌంటర్ దగ్గర పెట్టె విప్పించి అవన్నీ తీయించారు. నూనె ఎక్కువ గనక అది వేడెక్కి అంటుకునే సరుకు కింద లెక్కట. చేతిసంచిలోనూ వద్దన్నారు, పెద్ద పెట్టెలోనూ వద్దన్నారు. ఆ కొబ్బరి అంతా నాతోపాటు తర్లుపాడు తిరిగొచ్చింది. ఆ రోజు నుంచీ పార్టీని దించి వెంటనే బండి తిప్పను. వాళ్లు లోపలికి పోయి ఫోన్ చేసిందాకా పార్కింగ్‌లోనే ఉంటాను.

రెండో పాఠం గసగసాలు. మసాలా కూరకు అవి లేకపోతే ఎట్లా అంటారు మనవాళ్లు. కానీ దుబాయి, సౌదీ, సింగపూర్‌లలో అవి మత్తుమందు లెక్క. దొరికితే పెట్టెతో పోదు, మనిషినే పట్టుకుంటారు. అమెరికా పోయేవాళ్లకు నేను చెప్పే నిషేధం వేరు: పచ్చి కరివేపాకు, పండ్లు, మాంసం, ఇంటి బియ్యం. కరివేపాకుతో నిమ్మ, బత్తాయి జాతి చెట్లకు తెగులు పోతుందనీ, బియ్యంతో పురుగు పోతుందనీ వాళ్ల భయం. తినే వస్తువు ఏది ఉన్నా అక్కడి కస్టమ్స్ వాళ్లకు ముందే చెప్పమంటాను. చెప్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా పడుతుంది. ఆస్ట్రేలియాలో ఈ విషయంలో ఇంకా గట్టి.

ఆవకాయకు అడ్డులేదు గానీ అది చేతిసంచిలో పోదు. వంద మిల్లీలీటర్లు దాటిన నూనె, నెయ్యి, పచ్చడి ఏదైనా సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది. పెద్ద పెట్టెలో పెట్టాలి. పెట్టడానికీ ఒక పద్ధతుంది. డబ్బా నిండుగా నింపకూడదు, రెండు వేళ్ల ఖాళీ వదలాలి. మూతి మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, దానిమీద మూత బిగించి, చుట్టూ టేపు వేయాలి. ఆ డబ్బాను ఒక కవర్లో, ఆ కవర్‌ను ఇంకో కవర్లో పెట్టి, పాత తువ్వాలు చుట్టి పెట్టె నడిమధ్యలో, బట్టల నడుమ కూర్చోబెట్టాలి. మా ఆవిడ ఇందులో ఆరితేరింది. ప్రయాణానికి ముందు రోజు డబ్బాను ఒక రాత్రంతా తలకిందులుగా నిలబెడుతుంది. కింద పరిచిన పేపరుకు నూనె అంటితే ఆ డబ్బా పోదు.

మందుల బిళ్లలు మాత్రం చేతిసంచిలోనే. పెట్టె ఒక విమానంలో, మనిషి ఒక విమానంలో దిగిన సంగతులు నాకు తెలుసు. మా పార్టీ ఒకాయన బీపీ బిళ్లలన్నీ పెద్ద పెట్టెలో వేసి, అది వచ్చేదాకా రెండు రోజులు ఇబ్బంది పడ్డాడు. బిళ్లలు డబ్బాలోకి ఒలవకుండా స్ట్రిప్పులతోనే పెట్టుకోవాలి, డాక్టరు చీటీ జత చేయాలి. చీటీలో మందు అసలు పేరు ఉండాలి. మన పారాసెటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు, మన పేరు చెప్తే అక్కడి దుకాణంలో అర్థం కాకపోవచ్చు. పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే. మిక్సీ మోసుకుపోయే వాళ్లకు ఒకే మాట చెప్తాను: మనది 230 వోల్టుల కరెంటు, అమెరికాది 120. అక్కడ అది సరిగ్గా తిరగదు.

మా మార్కాపురం ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లకు పట్టేసిన మోకాళ్లు కొత్త కాదు. అందుకని టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడగమంటాను. కాళ్లు బాగున్నవాళ్లకీ అదే చెప్తాను. ఇంగ్లీషు రాని మనిషిని గేటు దాకా తీసుకుపోయే తోడు అదే. కొడుకు చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే ఆ కాగితమే దిక్కు.

ఇంత తెలిసినా ఒకసారి తప్పు చేశాను. మార్కాపురం పలకల గనిలో పనిచేసి రిటైరైన ఒకాయన భార్య, డల్లాస్‌లో మనవరాలికి అక్షరాభ్యాసం చేయించడానికి పోతోంది. అసలు రాతిపలక, చెక్క ఫ్రేముది, పట్టుచీరలో చుట్టి పెట్టెలో పెట్టింది. వాళ్ల టికెట్‌కు పెట్టెకు 23 కిలోలు. కాటా ముల్లు ఇరవై నాలుగున్నర దగ్గర నిలబడింది.

"పచ్చడి ఒకటి తీద్దామా పెద్దమ్మా?" అన్నాను.

"అది కోడలికిరా. చలికోటు తియ్యి, నేనెక్కడ తిరగబోతా?" అంది.

కోటు తీసింది. రెండు చీరలు తీసింది. ముల్లు 23కు వచ్చింది. నేనూ సరేనన్నాను. తీసినవన్నీ ఒక సంచిలో వేసి డిక్కీలో పెట్టాం, వెనక్కి తిరిగొచ్చేటప్పుడూ ఆ సంచి అక్కడే ఉంది. అన్నేళ్లలో తినేది కాక కట్టుకునేది తిరిగిరావడం అదే మొదటిసారి. అది నవంబరు నెల. మర్నాడు ఆమె కొడుకు ఫోన్ చేశాడు, "అమ్మకు కోటు పెట్టలేదా అన్నా?" అని. ఆ కోటును ఒంటిమీద వేసుకోమని ఉంటే కాటాకు ఎక్కేదే కాదు. నాకు తట్టలేదు.

అప్పటి నుంచి నా కాటాకు ఒక వరస పెట్టుకున్నాను. ముందు ప్రయాణం చేసే మనిషి వస్తువులు: చలిబట్టలు, మేజోళ్లు, ఇంకో జత కళ్లజోడు, అలవాటైన చెప్పులు. వాటిని తూచి, మిగిలిన కిలోలెన్నో బలపంతో గోడమీద రాస్తాను. ఆ తర్వాతే పచ్చళ్లు, పొడులు, అరిసెలు, పలకలు. తల్లులు ఆ అంకె చూసి గొణుగుతారు.

"ఏంరా, కోటుకే మూడు కిలోలా?"

"అవును పెద్దమ్మా. ముందు నువ్వు, తర్వాత ఆవకాయ."