నేలబారు పూల విందు

భద్రాచలం దగ్గర గోదావరి గట్టున, చెరువు కట్టల మీద, కాలువల వెంట తడి తగిలే చోట నేలను అంటిపెట్టుకుని పాకే మొక్క బొక్కెనాకు. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది. ఊదారంగు బుడిపె చుట్టూ తెల్లటి బుల్లి పూలు వలయంగా విచ్చుకుంటాయి. ఎంత చిన్న పువ్వో! ఆ చిన్నదనమే చిన్న తేనెటీగలకూ, నీలి సీతాకోకచిలుకలకూ అనువు.

ఖమ్మం నుంచి అడవి అంచు దాకా ఇళ్ల ముందు సిమెంటు పరుచుకుంటోంది, ఇలాంటి పూలకు చోటు లేకుండా పోతోంది. గుమ్మడి, దోస పాదులకు మగపువ్వు నుంచి ఆడపువ్వుకు పుప్పొడి చేరకపోతే పిందె నిలవదు. పాదు పూయని రోజుల్లో ఆ పుప్పొడి మోసే తేనెటీగల ఆకలి ఎవరు తీర్చాలి?

జపాన్‌లో ఈ బొక్కెనాకు జాతి నుంచే ‘కురాపియా’ అనే రకాన్ని తయారుచేశారు. కాలిఫోర్నియాలో దాన్ని నీళ్లు తక్కువ తాగే పచ్చికగా పరుస్తున్నారు. ఇక్కడ మాత్రం ఊరికే దొరికే మొక్కను కలుపు కింద జమకట్టి పీకేస్తారు. ప్రాణం ఉసూరుమంటుంది.

పెంచడం సులువు. తొలకరికి కణుపులున్న తీగ ముక్కలు జానెడు ఎడంలో నాటి, వేరు పట్టేదాకా తడిపితే చాలు. ఎండ బాగా తగలాలి. నీడలో పూత తగ్గుతుంది. తొక్కిడికి తట్టుకుంటుంది గానీ, పిల్లలు వట్టికాళ్లతో నడిచే దారిలో వద్దు, తేనెటీగలు కుడతాయి.

అంచులు కత్తిరిస్తూ ఉండాలి, లేదంటే హద్దు దాటి పాకుతుంది. దీని దగ్గరి బంధువొకటి ఆస్ట్రేలియాలో ముర్రే-డార్లింగ్ నదీ మైదానాల పచ్చిక బయళ్లను ఆక్రమించింది. పురుగుమందు జల్లు పడే పొలంగట్టున మాత్రం నాటకూడదు. పూలకోసం వచ్చిన తేనెటీగలు అక్కడే చచ్చిపోతాయి.