మీటలపై మన అక్షరములు

మా అత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. చేయి వణకుటచే కలము పట్టలేరు. ఆమె తల్లి పాడిన పెండ్లిపాటలు ఆమె నోటనే కలవు. కాగితముపై నెక్కడను లేవు. నేను వ్రాసికొందునన్న నొప్పుకొనరు. "నా చేతితోనే వ్రాసెదను" అని పట్టుదల. కావున మావారు బడిపనికై తెచ్చుకొన్న కంప్యూటరు ముందామెను గూర్చుండబెట్టితిని. వణకు చేతికి కలముకంటె మీట సులభము గదా!

ఆమె కీబోర్డు వంక జూచి, "అమ్మాయీ, ఇందులో మన అక్షర మొక్కటియు లేదేమే?" అనిరి.

నిజమునకు లోపల నున్నవి. భారత ప్రభుత్వము ప్రమాణముగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో హెచ్ మీట నొక్కిన 'ప', ఎల్ నొక్కిన 'త' వచ్చును. షిఫ్టుతో గూర్చి నొక్కిన 'ఫ', 'థ' లగును. అచ్చులు ఎడమచేతికి, హల్లులు చాలవఱకు కుడిచేతికి. మా నాయనగారి యొద్ద వర్ణక్రమము వల్లించిన నాకు ఆ కూర్పు ముచ్చట గొలిపినది. కాని మీటపై నది కానరాదే!

కాగితపు ముక్కలంటించితిని. వేసవి చెమటకు వారము తిరుగకమునుపే యూడిపోయినవి. ఒకే మీటపై రెండక్షరములు వ్రాసిన ఆమె కంటి కానలేదు.

అప్పుడు మావారొక వింత చెప్పిరి. మాస్కోలోని ఆర్టెమీ లెబెదెవ్ స్టూడియోవారు 2005లో ప్రకటించి 2008లో అమ్మకమునకు దెచ్చిన ఆప్టిమస్ మాక్సిమస్ అను కీబోర్డున 113 మీటలు. ప్రతిమీటలోను అడ్డముగా 48, నిలువుగా 48 చుక్కల చిన్న వెలుగుతెర. భాష మార్చిన మీటలపై నక్షరములును మాఱును. షిఫ్టు నొక్కిన పెద్దక్షరములు వెలుగును. వెల మాత్రము ఆనాడు సుమారు 1,500 డాలరులుండెను! మనబోంట్ల కెక్కడిది?

ఫోనులోను అక్షరములు మాఱును. కాని నున్నని గాజుపై వణకు వ్రేలు తాకినచోటనెల్ల అక్షరము పడును. ఆమెకు వ్రేలిక్రింద నిలుచు మీటయు గావలెను, కంటికి గనబడు అక్షరమును గావలెను.

తుదకు అట్టపై పెద్ద యక్షరములతో మీటల పటము వ్రాసి యెదుట నిలిపితిని. దానిని జూచుచు, ఒక్కొక్క మీట వెదకుచు, గంటసేపటికి ఆమె యొక పల్లవి వ్రాసిరి. తప్పులు దిద్దబోగా, "ఉండనీయవే, అవియు నావే" అని నవ్విరి.

సోదరులారా, సోదరీమణులారా! అక్షరములు మార్చుకొను విద్య యంత్రమునకు వచ్చినది. అది సామాన్యుల యిండ్లకు జేరవలెను. అందాక మీ పెద్దల యెదుట ఒక అట్ట నిలుపుడు. వారితో పోయిన పాటలు మరల దొరకవు.