భాగ్యనగరపు పండ్ల బిస్కత్తులు

ఊరికొక రుచి పేరుపడి యుండుట మన దేశమున వాడుక. కాకినాడకు పోయినవారు కాజాలు తేక తిరిగిరారు. ఆత్రేయపురము పేరు చెప్పగానే పూతరేకులును, బందరు పేరు చెప్పగానే లడ్డును జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదునుండి వచ్చు చుట్టముల సంచిలో మాత్రము మన పొయ్యిమీద పుట్టని పదార్థ మొకటి యుండును. అది బిస్కత్తుల డబ్బా. మన తల్లులు బజారుతిండి యని దూరముగా నుంచిన యీ వస్తువు నేడు పసిబిడ్డను చూడబోవునపుడును, పెండ్లిపిలుపునకు పోవునపుడును పండ్లతోపాటు పళ్ళెములో చేరినది. ఇంతగా మన యిండ్లలో ప్రవేశించిన దానిని గూర్చి, అది యే పేరు ధరించి వచ్చుచున్నది, ఆ పేరునకు తగిన రుచి దానియందున్నదా యని విచారించుట గృహిణికి తగని పని కాదు.

గడచిన మాఘమాసమున మేము ఆ నగరమునకు పోయి మా మఱిదిగారి యింట నాలుగుదినము లుంటిమి. కోటలును, సమాధులును మునుపే చూచియుంటిమి గనుక, ఈ పర్యాయము బిస్కత్తుల యంగళ్ళను చూడవలెనని నేనును, నా తోడికోడలును నిశ్చయించుకొంటిమి. త్రోవ చూపుటకు ఆమె కుమారుడు వెంట వచ్చెను.

మొదట నాంపల్లికి పోయితిమి. రైలుస్టేషను చుట్టుపట్ల ఇరానీ హోటళ్ళును, బేకరీలును అనేకములు కలవు. ఇరానీ తేనీరు కాచు పద్ధతియే వేఱు. తేయాకు కషాయమును మూతబిగించిన పాత్రలో సన్నని సెగపై చాలసేపు మగ్గనిత్తురు. పాలు వేఱుగా మరిగి చిక్కబడును. రెండును కప్పులోనే కలియును. దానికి తోడు ఉస్మానియా బిస్కత్తు. గుండ్రముగా, పసుపువన్నెతో, అంచులయందు కొంచెము కెంపెక్కి యుండును. నాలుకపై పెట్టగానే ముందు ఉప్పు తెలియును, వెనుక తీపి తెలియును. ఉప్పు తీపిని అడచదు. తీపి వెగటు కాకుండ కాపాడును. మన పరమాన్నములో చిటికెడు ఉప్పు వేయు పెద్దల మర్మమే యిక్కడను గనబడినది. తేనీట ముంచి వెంటనే తినవలెను. మాటలలో పడితిమా, విరిగి కప్పు అడుగునకు చేరును.

నాంపల్లిలోని సుభాన్ బేకరీ ఈ బిస్కత్తులకు మిక్కిలి పేరుపొందినది. మొహరము మాసమున రవ్వ, నెయ్యి, జీడిపప్పు మున్నగునవి చేర్చి కాల్చెడి ‘దమ్ కా రోట్’ కొఱకు అచ్చట జనులు బారులు తీరుదురు. మేము పోయినది ఆ దినములు కావు గనుక దాని రుచి చెప్పజాలను. ఉస్మానియా యను పేరు 1911 మొదలు 1948 వఱకు రాజ్యమేలిన యేడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖానుగారినుండి వచ్చినది. ఆయనకు ప్రీతికరమైనందున ఆ పేరు వచ్చెనని కొందఱును, ఉస్మానియా వైద్యశాలలోని రోగులకు పెట్టుటవలన వచ్చెనని కొందఱును చెప్పుదురు. ఏది యెట్లైనను, రాజ్యము పోయినది, బిస్కత్తు నిలిచినది. రాజుల పేరులు శిలలపై నుండుట సహజము. తేనీటి కప్పులో నుండుట యిదియే చూచితిని.

నాంపల్లినుండి నడచిపోదగినంత దూరముననే మొజంజాహీ మార్కెట్టు కలదు. 1935లో నల్లసేనపు రాతితో కట్టబడిన యీ విపణి యేడవ నిజాముగారి రెండవ కుమారుని పేరిట వెలసినది. దాని నడినెత్తిన గడియారపు గోపురము గంభీరముగా నిలిచియున్నది. శిథిలములైన భాగములను బాగుచేసి 2020లో తిరిగి తెఱచిరి. ఒకప్పుడు నగరమునకెల్ల పండ్లు ఇచ్చటికే వచ్చెడివి. టోకు బేరము తరువాత ఊరి వెలుపలకు తరలిపోయినది. పండ్ల గుజ్జుతో చేయు ఐసుక్రీము అంగళ్ళు మాత్రము నేటికిని ఉన్నవి. ఆ మార్కెట్టు చెంతనే 1953లో ఖాన్‌చంద్ రామ్నానీ యను సింధీ గృహస్థు కరాచీ బేకరీని స్థాపించెను. పండ్ల బిస్కత్తులకు ఆ యంగడియే ప్రసిద్ధి.

ఆ బిస్కత్తు పలుచని పలకవలె నుండును. అందు ఎఱ్ఱని, పచ్చని తునకలు రత్నములు పొదిగినట్లు మెఱయుచుండును. మునిపంట కొఱికినంతనే పొడిపొడియై నోట కరగును. వెన్నవంటి కమ్మదనము ముందు తెలియును. పిమ్మట తియ్యని తునక పంటి క్రింద సాగును. ఆ మెత్తదనమునకును, ఈ గుల్లదనమునకును గల భేదమే దాని సొగసు. నాకు నచ్చినది. రెండవది తీసికొంటిని.

ఆ తునక యే పండు? అంగడివారు దానిని ‘టూటీ ఫ్రూటీ’ యందురు. ఇటలీ భాషలో ఆ మాటకు ‘అన్ని పండ్లును’ అని యర్థము. నిజమునకు అది మన పెరటి బొప్పాయి. పండినది గాదు, పచ్చికాయ. చెక్కు తీసి, చిన్నచిన్న ఘనములుగా తఱిగి, ఉడికించి, పంచదార పాకములో నానబెట్టుదురు. పాకము చిక్కబఱచుచు పోయినకొలది కాయలోని నీరు వెలికి వచ్చి తీపి లోనికి చొచ్చును. రంగును, వాసనను చేర్చి యార్చినచో పండు తునకలు సిద్ధము. మేము ఇంటికి వచ్చిన తరువాత నా తోడికోడలు కన్నులు మూసికొనగా ఎఱ్ఱని తునక యొకటి, పచ్చని తునక యొకటి వేఱుగా తీసి ఆమె నోటికందించితిని. ఏది యేదో చెప్పలేకపోయినది. నేనును కన్నులు మూసికొని చూచితిని, చెప్పలేకపోయితిని. భేదము కంటిదే కాని నాలుకది కాదు.

దీనిని మోస మనవలెనా? శబ్దశాస్త్రమున పదములకు వ్యుత్పత్తి యొకటియు, వాడుక యొకటియు నుండునందురు. కుశలు డనగా దర్భలు కోసి తెచ్చువాడని వ్యుత్పత్తి. నేర్పరి యని వాడుక. నేర్పరిని చూచి దర్భ లెక్కడ నని యెవ్వరు నడుగరు. పండ్ల బిస్కత్తును అట్టిదే. మఱియు పండునకును బిస్కత్తునకును సహజముగా వైరము కలదు. పండనగా రసము, రసమనగా నీరు. పిండిలో నీరు చేరి మర్దనకు లోనైనచో సాగుడు గుణము పుట్టును. అది రొట్టెకు మేలు, బిస్కత్తునకు కీడు. మురుకుల పిండిలో వెన్న యేల కలుపుదుము? వెన్న పిండి కణములను క్రమ్ముకొని సాగుడును అడ్డగించును, మురుకు గుల్లవిచ్చును. స్కాట్లండు దేశపు స్త్రీలు చేయు షార్ట్‌బ్రెడ్డును ఈ గుల్లదనముమీదనే నిలిచినది. పంచదార యొక పాలు, వెన్న రెండు పాళ్ళు, పిండి మూడు పాళ్ళు దానికి పాత లెక్క. అందు నీటికి చోటే లేదు. కావున పండు అందులో ప్రవేశింపవలెనన్న ఎండియో, పాకములో ఊరియో, తన వాసనను మాత్రము పంపియో రావలయును.

ఈ సంగతి తెలిసిన తరువాత తక్కిన యంగళ్ళలోని పొట్లములను తెచ్చి పరీక్షించితిమి. కమలాపండు క్రీము, అనాసక్రీము, నిమ్మ బిస్కత్తు మొదలుగా ఆరు రకములు. ఒకటి తిని, నీట నోరు పుక్కిలించి, కొంత సేపాగి మఱియొకటి తింటిమి. కమలావాసన గలది కొంత నమ్మదగినదిగా తోచెను. ఏలయన ఆ పండు పరిమళము తొక్కలోని తైలమందే యుండును గనుక రసము లేకయే వాసన రావచ్చును. అనాసది మూత తీయగానే గదియంతయు గుప్పుమన్నది కాని నోట వేసికొన్న తరువాత తీపి తప్ప మఱేమియు మిగులలేదు. ఒక చిన్న యంగడిలో తూచి యిచ్చిన నిమ్మ బిస్కత్తులు పాతనూనె వాసన కొట్టినవి, వానిని పాఱవైచితిమి.

ఇట్టి చోట మనకు తోడ్పడునది డబ్బాపై నచ్చొత్తిన సన్నని యక్షరములే. వేసిన వస్తువులను తూకమున ఎక్కువది ముందుగా, తక్కువది వెనుకగా వరుసపెట్టవలెనని మన దేశమున నియమము కలదు. పంచదార మొదటనే యున్నచో, పండు కడపట నున్నచో, మనము కొనునదేమో తెలిసిపోవును. చతురస్రములో పచ్చని చుక్క యున్నది శాకాహారము. గోధుమవన్నె త్రికోణ మున్నది కాదు. గ్రుడ్డు కలిసినను ఆ గుర్తే వేయవలెను, పాలు కలిసినచో అక్కఱలేదు. మా అత్తగారు గ్రుడ్డు తాకని నిష్ఠ గలవారు. నేను తెచ్చిన పండ్ల బిస్కత్తుల డబ్బాపై పచ్చని చుక్క చూపినపిదపనే చేయి చాపిరి. ఇక కొవ్వు సంగతి. గట్టిపఱచిన నూనెలలో పుట్టు ట్రాన్సు కొవ్వు గుండెకు హాని గనుక, నూనెలలోను వనస్పతిలోను అది నూటికి రెండు పాళ్ళు మించరాదని 2022 జనవరినుండి ప్రభుత్వము కట్టడి చేసినది. తూచి యిచ్చు విడి బిస్కత్తులకు ఈ యక్షరములేవియు నుండవు. అట్టివి కొనునపుడు వాసన చూడక కొనరాదు.

మొజంజాహీ మార్కెట్టులో జరిగిన మఱియొక మాటను చెప్పక విడువరాదు. నేను డబ్బా చేతపట్టుకొనగానే బాలుడు, “పెద్దమ్మా, శత్రుదేశపు పేరున్న డబ్బా మన యింటి కెందుకు?” అనెను. వాని మాట వానిది గాదు, నలుగురు అనుచున్నదే. 2019 ఫిబ్రవరిలో పుల్వామా ఘాతుకము జరిగిన పిమ్మట బెంగుళూరిలోని యీ బేకరీ శాఖయొద్ద కొందఱు గుమికూడి నిలదీయగా, పేరులోని కరాచీ యను మాటను కప్పివేయవలసి వచ్చెను. 2025 మే మాసమున హైదరాబాదులోనే శంషాబాదు శాఖపై దాడి జరిగెను.

నేను వానికి చెప్పితిని: “నాయనా, 1947లో దేశము చీలినపుడు పంజాబును, వంగదేశమును రెండుగా పంచిరి; కొంత యిటు వచ్చినది. సింధును పంచలేదు, అంతయు అటే పోయినది. అందుచేత ఇటు వచ్చిన సింధీ హిందువులకు మనదియని చెప్పుకొన సొంతగడ్డ యీ దేశమున లేకపోయినది. ఇల్లును, వాకిలిని విడిచి వచ్చినవారు వెంట తెచ్చుకొనగలిగినది ఊరిపేరొక్కటే. దానిని అంగడిపై వ్రాసికొనిరి. మన యింటిపేరు మాత్ర మేమి? అదియు నొక యూరి పేరే కదా. ఆ యూరిని నీవు చూడలేదు, మీ తాతగారును చూడలేదు. మన పెద్దలు ఏ కరవునకో, ఏ దండయాత్రకో వెఱచి విడిచి వచ్చియుందురు. ఆ పేరు చెఱిపివేయుడని ఎవరైన వాకిట నిలిచిన నీవేమందువు?” వాడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “అట్లయిన వారు విడిచివచ్చిన యూరిపేరు వారికి ఇంటిపేరువంటి దన్నమాట” అని డబ్బాను తానే మోసికొని వచ్చెను.

ఆడుదానికి ఈ సంగతి మఱింత సులభముగా తెలియును. పుట్టిన యూరు విడిచి, ఇంటిపేరు మార్చుకొని మెట్టినింట నిలిచిన స్త్రీలము మనము. ముప్పదియేండ్లు కాపురము చేసినదియు పుట్టినింటి ఊరిపేరు వినబడగానే తల యెత్తి చూచును. అంతమాత్రమున మెట్టినింటిపై మమకారము లేదని ఎవరందురు?

కావున సోదరీమణులారా, అంగడి బిస్కత్తు కొనునపుడు పేరు చూచి మురియవలదు, పేరు చూచి మండిపడవలదు. వెనుకవైపు త్రిప్పి అందేమి కలదో చదువుడు. చిన్న డబ్బాయే కొనుడు. తెఱచిన తరువాత గాలి చొరని పాత్రలో నుంచినగాని గుల్లదనము నిలువదు. ఇంట చేసికొన దలచినవారు పైన చెప్పిన ఒకటి, రెండు, మూడు పాళ్ళ లెక్కకు కమలాపండు తొక్క పైపొరను మాత్రము సన్నగా తురిమి చేర్చుడు. లోని తెల్లపొర చేదు, రసము పోసితిరా పిండి సాగును. చక్కెరవ్యాధి గలవారికి ఒక్కటి పెట్టుటకును రెండుసారు లాలోచింపుడు. పిల్లలు ఎఱ్ఱని తునకను వేలితో తీసి యిది యే పండని యడుగుదురు. బొప్పాయి యని నిజము చెప్పుడు. డబ్బాపై నున్న యూరెక్కడిదని యడిగినచో ఆ కథయు చెప్పుడు.